కత్తికి లాక్ ఎక్కడుంటది? ఒక గన్‌మ్యాన్ కేసు

మనిషి మాజీ జవాను, వయసు నలభై ఏడు. పదిహేడేళ్లు ఆర్మీలో చేసి వచ్చి, ఇప్పుడు ఒక బ్యాంకు బ్రాంచిలో గన్‌మ్యాన్‌గా ఉన్నారు. సొంత లైసెన్సు మీద తీసుకున్న 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీ ఆయనది. పొద్దున భుజాన వేసుకుని డ్యూటీకి వెళ్తారు, సాయంత్రం తెచ్చి పడకగది బీరువాలో పెట్టి తాళం వేస్తారు. అదే గదిలో పడుకుంటారు, దాని వల్ల ఏ ఇబ్బందీ లేదు. వంటింట్లో ఉల్లిగడ్డ కోసే చాకు కంటపడితే మాత్రం చెమటలు పడతాయి, గుండె దడ మొదలవుతుంది, లేచి బయటికి వెళ్లిపోతారు. నా దగ్గరికి వచ్చే నాటికి ఇంట్లోని కత్తులన్నీ పక్కింటికి చేరాయి. ఆయన భార్య కూరగాయలు అక్కడికి తీసుకెళ్లి కోసుకొస్తోంది.

ఆయన్ను, కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. రాసినదాన్ని భార్యాభర్తలిద్దరికీ చదివి వినిపించి, వాళ్లు సరేనన్నాకే బయటపెడుతున్నాను.

ఎలా వచ్చారు

గుండె దడ కాబట్టి ముందు ఫిజీషియన్ దగ్గరికి వెళ్లారు. ఈసీజీ, థైరాయిడ్ అన్నీ నార్మల్. బీపీ కొంచెం ఎక్కువ. ఆ డాక్టర్ ఓపిగ్గా అడిగితే కత్తి సంగతి బయటపడింది, హనుమకొండలోని నా మానసిక చికిత్స క్లినిక్‌కు పంపారు. చీటీ మీద ‘కత్తుల ఫోబియా?’ అని ప్రశ్న గుర్తుతో రాశారు. ఆ ప్రశ్న గుర్తు పెట్టినందుకు ఆయనకు నా నమస్కారం.

మొదటి రోజు మాట్లాడిందంతా భార్యే. “బందూక్ పట్టుకొని బ్యాంకు కాడ నిలబడే మనిషి మేడం. ఇసొంటాయన ఇంట్ల కత్తిపీట చూస్తే ఉరుకుతుండు. ఎవలకన్న చెప్తే నవ్వుతరు” అంది. దసరాకు ఇంట్లో యాటను కోసేది ఏటా ఆయనే. ఈసారి తమ్ముడికి చెప్పి తాను ఊళ్లోకి వెళ్లిపోయారు. ఆయుధ పూజ రోజు డబుల్ బ్యారెల్‌ను తుడిచి, పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకున్నారు. పక్కనే పెట్టిన కొడవలిని, కూరగాయల కత్తిని మాత్రం తీసేయమన్నారు. పెద్దవాళ్లు గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించారు, కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకున్నారు. బంధువుల్లో చదువుకున్నవాళ్లు ‘ఆర్మీలో ఏదో చూసి ఉంటడు, అది ఇప్పుడు తిరగబెట్టింది’ అని తేల్చేశారు.

ఆమె చెబుతున్నంతసేపూ ఆయన తన రెండు చేతులనూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు. చలికాలం కదా అనుకోవచ్చు. నేను మాత్రం కాగితం మీద రాసుకున్నాను.

తుపాకీ అలవాటైనవాళ్లు కత్తికి ఎందుకు జంకుతారు

ఇది ఈయన ఒక్కరి సంగతే కాదు. తుపాకీ పట్టుకోవడంలో ఆరితేరి, కత్తి పేరెత్తితే ముఖం మార్చుకునే పోలీసులు, మాజీ సైనికులు ఇంతకుముందూ నాకు తారసపడ్డారు. పిరికితనం అంటే కుదరదు. దీనికి చెప్పుకోదగ్గ కారణాలే ఉన్నాయి.

మొదటిది శిక్షణ. ఉస్తాద్ తుపాకీని ముందు ఒక యంత్రంగా పరిచయం చేస్తాడు. విప్పడం, తుడవడం, మళ్లీ బిగించడం, ఖాళీగా ఉందని చూపించడం. వేలసార్లు చేశాక దాని మీద భయం పోయి జాగ్రత్త మిగులుతుంది. కత్తిని అలా ఎవరూ నేర్పరు. అది పుట్టినప్పటి నుంచీ ఇంట్లో ఉంటుంది.

రెండోది ఒంటికి తెలిసిన నొప్పి. తూటా తగిలితే ఎలా ఉంటుందో మనలో దాదాపు ఎవరికీ తెలియదు. కత్తి తెగితే ఎలా ఉంటుందో తెలియనివాళ్లు లేరు. పత్తి చేలో కొడవలి తగిలినా, వంటింట్లో వేలు తెగినా ఆ చురుకు గుర్తుండిపోతుంది. ఊహకు అది చాలు.

మూడోది దూరం. దీని మీద పోలీసు శిక్షణలో పేరున్న లెక్క ఒకటి ఉంది. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెన్నిస్ టుల్లర్ 1983లో ఒక వ్యాసం రాశారు. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరం నుంచి ఉరికివస్తే మీదికి చేరడానికి పట్టేది సుమారు సెకనున్నర. నడుముకున్న పిస్టల్ తీసి కాల్చడానికీ దాదాపు అంతే పడుతుంది. అంటే గది ఆ మూల నుంచి ఈ మూలకు ఉన్న దూరంలో తుపాకీవాడికి ఉందనుకున్న పైచేయి లేనట్టే. తుపాకీ గురించి బాగా తెలిసినవాడికే దాని హద్దులూ బాగా తెలుస్తాయి. అలాంటివాడు కత్తికి జంకాడంటే అది తెలిసి జంకడం.

ఇక నాలుగోది, అందరూ ఇష్టంగా చెప్పేది: మన పూర్వీకుల భయాలు రక్తంలో వచ్చాయని. అమెరికా సైకాలజిస్టు మార్టిన్ సెలిగ్‌మన్ 1971లో దీన్ని సిద్ధాంతంగా పెట్టారు. పాము, చీకటి, ఎత్తు లాంటివి మనిషి జాతిని వేల తరాలుగా చంపాయి కాబట్టి వాటి మీద ఫోబియా సులువుగా అంటుకుంటుంది, తుపాకీ నిన్నగాక మొన్న వచ్చింది కాబట్టి దాని మీద అంత సులువుగా అంటుకోదు. పాముల విషయంలో ఈ మాట నాకు నచ్చుతుంది. కత్తి దగ్గరికి వచ్చేసరికి అంత నమ్మకం లేదు. పదును అంటే చచ్చేంత భయమే రక్తంలో వచ్చి ఉంటే యాటలు కోసేవాళ్లు, గీత కార్మికులు, మంగళ్లు రోజూ పని ఎలా చేసుకుంటారు?

ఈ కారణాలన్నీ ఒప్పుకున్నా మన కేసు తెగదు. ఇవన్నీ ఎదుటివాడి చేతిలో ఉన్న కత్తికి సంబంధించినవి. ఈయన భయపడుతున్నది గట్టు మీద ఎవరి చేతిలోనూ లేకుండా పడి ఉన్న చాకుకు.

ఏది కాదు

కత్తి భయమని ఎవరు వచ్చినా నేను ముందు చూసేవి నాలుగు.

రక్తం, గాయం చూస్తే కళ్లు తిరిగే ఫోబియా ఒకటి. మిగతా ఫోబియాల్లో గుండె వేగం పెరిగి అలాగే ఉంటుంది. ఇందులో ముందు పెరిగి, తర్వాత బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, మనిషి సొమ్మసిల్లుతాడు. దీనికి స్వీడన్‌కు చెందిన లార్స్ గోరన్ ఓస్ట్ రూపొందించిన పద్ధతిలో కండరాలు బిగించి బీపీని నిలబెట్టడం నేర్పుతారు. ఈయనకు దాని అవసరమే లేదు. సర్వీసులో ఉన్నప్పటి నుంచీ రక్తదానం చేస్తున్నారు. సూది గుచ్చుతుంటే చూస్తూ కూర్చుంటానన్నారు.

రెండోది, బంధువులు తేల్చేసిన పీటీఎస్‌డీ, అంటే భయంకరమైన అనుభవం తర్వాత మనసులో మిగిలిపోయే గాయం. కాశ్మీర్‌లో పనిచేశారు, కాల్పులు చూశారు, తోటివాణ్ని పోగొట్టుకున్నారు. ఆ సంగతులు చెప్పేటప్పుడు గొంతు బరువెక్కింది కానీ, పీడకలల్లేవు, ఉలిక్కిపాట్లు లేవు, ఆ మాటలు తప్పించుకోవడమూ లేదు. ఆ జ్ఞాపకాల్లో ఎక్కడా కత్తి లేదు. బాయ్‌నెట్ సంగతి అడిగాను. రైఫిల్‌కు తగిలించి గోనెసంచి బొమ్మల్ని పొడిచే డ్రిల్ ఎన్నిసార్లు చేశారో లెక్కలేదట. “అది హుకుం మేడం. పొడవమంటె పొడిచినం, ఆపమంటె ఆపినం” అన్నారు. ఈ మాట కింద గీత గీసుకున్నాను.

మూడోది మామూలు కత్తి ఫోబియా. దీన్ని కొట్టేయడానికి రెండు ప్రశ్నలు సరిపోయాయి. మటన్ షాపుకు వెళ్తారా? వెళ్తారు. ఎదురుగా నిలబడి ముక్కలు ఎలా కొట్టాలో కూడా చెప్తారు. గడ్డం ఎక్కడ గీయించుకుంటారు? దసరా తర్వాత ఇంట్లో మానేసి సెలూన్‌కు వెళ్తున్నారట. అంటే పరాయి మనిషి పదునైన కత్తిని గొంతు మీద ఆడిస్తుంటే కళ్లు మూసుకుని కునుకు తీయగలరు. వేరేవాళ్ల చేతిలో కత్తి ఎంత దగ్గరగా ఉన్నా భయం లేదు. అది తన చేతికి అందేంత దగ్గరలో, చుట్టూ ఇంటివాళ్లు ఉన్నప్పుడు మాత్రమే భయం.

ఇక మిగిలింది నాలుగోది. అది అడగాలంటే భార్య పక్కన ఉండకూడదు.

తలాపున చాకు

ఆమె బయటికి వెళ్లాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి మాట: “ఇది పోలీసోళ్లకు చెప్తరా మేడం?”

ఈ ప్రశ్నకు తొందరపడి ‘చెప్పను’ అనకూడదు. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2017 ప్రకారం మీరు చెప్పింది గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత నాది. ఎవరికైనా ప్రాణహాని ఉందనిపిస్తే మాత్రం, దాన్ని ఆపడానికి కావాల్సినంత వరకు చెప్పాల్సి వస్తుంది అని రెండూ వివరించాను. ఆ రెండోది విని భయపడి లేచిపోతారేమో అనుకున్నాను. కాస్త తేలికపడ్డట్టే కనిపించారు. తనను ఆపేవాళ్లు ఒకరున్నారని తెలియడమే ఆయనకు కావలసింది అని తర్వాత అర్థమైంది.

కూతురు పురిటికి పుట్టింటికి వచ్చింది. దసరాకు కొన్నాళ్ల ముందు ఆడపిల్ల పుట్టింది. మన దగ్గర చాలా ఇళ్లలో ఉన్న ఆనవాయితీ ప్రకారం బాలింత, బిడ్డ తలాపున ఇనుము ఉండాలని చిన్న చాకు పెట్టారు. తొట్టెల రోజు బిడ్డకు నీళ్లు పోయడానికి తీసుకెళ్తూ, ఆ చాకు పక్కన పెట్టమని భార్య చెప్పింది. ఆయన చాకు చేతిలోకి తీసుకున్నారు. ఎదురుగా బిడ్డ. ‘ఇది గిట్ల దిగితే?’ అని మనసులో ఒక్క మెరుపు మెరిసింది. చాకును కిటికీలోంచి అవతలికి విసిరేశారు.

“నా చెయ్యి నా మాట ఇనదేమో అనిపించింది మేడం. గా పిల్లంటె నాకు పాణం. గసొంటి ఆలోచన నాకెందుకచ్చింది? నేను మనిషినేనా?”

అప్పటి నుంచి బిడ్డను ఎత్తుకోలేదు. కూతురు అత్తారింటికి పోయాకైనా తగ్గుతుందనుకుంటే, ఆ ఆలోచన భార్య వైపు తిరిగింది. ఆమె నిద్రపోతుంటే వంటింటి తలుపుకు గడియ పెట్టి, పెట్టానో లేదో మళ్లీ మళ్లీ చూసుకునేవారు. కత్తులు పక్కింటికి చేర్చమన్నది కూడా ఆయనే. తనకు భయమని చెప్పారే గానీ, దేనికి భయమో చెప్పలేదు. తొడల కింద చేతులు పెట్టుకోవడం కూడా చేతుల్ని కాపలా కాయడమే.

అప్పుడు ఆ డబుల్ బ్యారెల్ సంగతి అడిగాను. బీరువాలో ఉన్నదాని గురించి ఇలాంటి ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా? ఆ ప్రశ్నకే ఆశ్చర్యపోయారు.

“రాలే. బందూకుకు లాక్ ఉంటది. తూటాలు వేరే కాడ ఉంటయ్. నాలి మడిచి చూస్తె ఖాళీనా నిండనా కండ్లకే కనవడ్తది. ఏమన్న చెయ్యాల్నంటె ఇన్ని పనులు చెయ్యాలె, గంతట్ల మనిషికి తెలివి రాదా? కత్తికి లాక్ ఎక్కడుంటది మేడం? చేతికచ్చిందంటె అయిపాయె.”

తుపాకీకీ కత్తికీ ఉన్న తేడా మీద నేను చదివినదానికంటే, విన్నదానికంటే ఈ మాట సూటిగా ఉంది. ఆయన్ను భయపెడుతున్నది పదును కాదు. ఆలోచనకూ పనికీ మధ్య ఏ అడ్డూ లేకపోవడం. తుపాకీ విషయంలో ఆ అడ్డును వేరేవాళ్లు కట్టి ఇచ్చారు: లైసెన్సు, లాకు, తూటాల లెక్క, హుకుం. బాయ్‌నెట్‌కు కూడా హుకుం ఉంది. వంటింటి చాకుకు తన మనసు తప్ప కాపలా లేదు. ఆ మనసు మీద తొట్టెల రోజు నమ్మకం పోయింది. మన చట్టం కూడా ఇంచుమించు ఇలాగే చూస్తుందని తర్వాత గుర్తొచ్చి నవ్వుకున్నాను. ఆయుధ నిబంధనలు 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న కత్తుల గురించి మాట్లాడతాయి, ఇంటి పనికీ వ్యవసాయానికీ వాడేవాటిని వదిలేస్తాయి.

తుపాకీని ఏం చేయాలి

ఇలాంటి కేసులో క్లినీషియన్‌కు వచ్చే అసలు టెన్షన్ ఇది. మనిషి ‘నా వాళ్లను పొడుస్తానేమో’ అంటున్నాడు, ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉంది. వెంటనే బ్యాంకుకు ఉత్తరం రాసి తుపాకీ తీసేయించమని ఎవరైనా సలహా ఇస్తారు.

తొందరపడలేదు. అలాగని తేలిగ్గానూ తీసుకోలేదు. చనిపోవాలనే ఆలోచన ఉందా, తాగుడు ఉందా, ఎవరి మీదైనా పగ ఉందా, చెవిలో మాటలు వినిపిస్తున్నాయా, ఎవరో తనతో చేయిస్తున్నారనిపిస్తోందా, ఎప్పుడైనా ఇంట్లో చేయి చేసుకున్నారా అని ఒక్కొక్కటీ అడిగాను. భార్యను విడిగా అడిగాను. ఏదీ లేదు. ఇంట్లో పురుగుల మందు డబ్బా ఉందా అని కూడా అడిగాను. మన ప్రాంతంలో పత్తి, మిర్చి వేసే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లను ఇది అడగకుండా నేను పంపను. మన ఊళ్లలో తుపాకీ కంటే ముందు చేతికందేది అదే. ఆయన పొలం కౌలుకిచ్చారు, మందు డబ్బాలు ఇంట్లో లేవు.

డిప్రెషన్ లోతుగా ఉండి, చావాలనే మాట వచ్చి ఉంటే తుపాకీ ఆ రోజే ఇల్లు దాటేది, దాని మీద చర్చ ఉండేది కాదు. ఇక్కడ పరిస్థితి వేరు. తన ఆలోచనకు తానే అసహ్యపడి, తన చేతుల మీద తానే కూర్చునే మనిషి ఈయన. నేను చూసే నాలుగోది ఇదే, ఓసీడీ: వద్దన్నా ఒకే ఆలోచన మళ్లీ మళ్లీ వచ్చి, దాన్ని అణచడానికి అవే పనులు పదేపదే చేయించే జబ్బు. ఇందులో వచ్చే ఇలాంటి ఆలోచనలు మనిషి కోరికకు పూర్తిగా వ్యతిరేకం. కేవలం ఇవి ఉన్నందువల్ల ఆ మనిషి ప్రమాదకారి అవుతాడనడానికి ఆధారం లేదు. పైగా తుపాకీ తీసేయించడమంటే ‘నువ్వు నిజంగానే ప్రమాదకారివి’ అని డాక్టరే సంతకం పెట్టి ఇచ్చినట్టు. సైకియాట్రిస్టుతో మాట్లాడి, ఉన్నది ఉన్నట్టు ఉంచాం. చనిపోవాలనే ఆలోచన గురించి మాత్రం వచ్చినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను.

ఆలోచన ఎందుకు అతుక్కుపోయింది

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. రాచ్‌మన్, డిసిల్వా అనే సైకాలజిస్టులు 1978లో ప్రచురించిన అధ్యయనంలో ఓసీడీ ఉన్నవాళ్ల ఆలోచనలనూ లేనివాళ్ల ఆలోచనలనూ పోల్చి చూశారు. పక్కనున్న మనిషిని తోసేస్తే, చేతిలోని కత్తి గుచ్చితే అనే చెత్త ఆలోచనలు ఏ జబ్బూ లేనివాళ్లకూ వస్తాయని తేలింది. అందులో ఉన్న విషయం దాదాపు ఒకటే. తేడా తర్వాత జరిగేదాంట్లో ఉంది. ఒకరు ‘ఛీ’ అనుకుని ఉల్లిగడ్డ కోయడంలో పడిపోతారు. ఇంకొకరు ‘ఇది నాకెందుకొచ్చింది’ అని అక్కడే ఆగిపోతారు.

మన జవాను ఆగిపోయారు. ఆర్మీ ఆయనకు నేర్పింది అదే: చిన్న లోపం కనపడినా వదిలేయకు, రిపోర్టు చెయ్యి, సరిచెయ్యి. రైఫిల్ విషయంలో అది గొప్ప గుణం. మనసులో మెరిసే ప్రతి ఆలోచననూ అలా తనిఖీ చేయబోతే తనిఖీకి అంతుండదు. మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోవద్దని మన పెద్దలు చెప్పే కథ ఆయనకు తెలుసు. ‘ఆ కోతిని మీరు తొట్టెల రోజు నుంచి తరుముతున్నారు’ అన్నాను. మొదటిసారి నవ్వారు.

తప్పించుకున్న ప్రతిసారీ భయం కాసేపు తగ్గుతుంది. ఆ ఊరటే రేపు మళ్లీ తప్పించుకోమంటుంది. మౌరర్ అనే సైకాలజిస్టు 1947లో చెప్పిన లెక్క ఇది, ఇప్పటికీ పనికొస్తోంది. కత్తులు పక్కింటికి పంపిన రోజు ఆయన హాయిగా నిద్రపోయారు. వారం తిరగకముందే సూదులు, కత్తెర, గోళ్లు తీసే బ్లేడు కూడా భయపెట్టడం మొదలుపెట్టాయి. ఓసీడీ తీవ్రతను కొలిచే వై-బాక్స్ స్కేలు 40 వరకు ఉంటుంది, 24 నుంచి 31 తీవ్రమైనదిగా లెక్క. ఆయనకు 27 వచ్చింది.

చికిత్స

సైకియాట్రిస్టు ఎస్ఎస్ఆర్ఐ రకం మందు (డిప్రెషన్‌కూ ఓసీడీకీ వాడేది) మొదలుపెట్టారు. ఓసీడీలో వీటి డోసు డిప్రెషన్‌లో కన్నా సాధారణంగా ఎక్కువే కావాలి, ఫలితం తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఈ మాట ముందే చెప్పకపోతే మూడో వారానికి మాత్రలు మానేస్తారు.

నా వంతు ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్. సైకాలజిస్టు విక్టర్ మేయర్ 1966లో దీనికి దారి వేశారు. భయపెట్టేదాని ఎదుట నిలబడాలి, ఊరట కోసం చేసే పనులు మానాలి. వినడానికి తేలిక. ఇక్కడ రెండో సగమే కష్టమైంది.

మొదట భార్యకు విషయం చెప్పాలి. ఎప్పుడు, ఎలా అనేది ఆయన చేతికే వదిలాను. చివరికి నా ఎదుటే చెప్పారు. ఆమె ఏడ్చింది, తర్వాత కోప్పడింది: “గిదా సంగతి? ఇన్ని దినాలు ఒక్కనివే మోసినవా?” ఆయన రోజుకు పదిసార్లు ఆమెను ‘నేనట్ల చెయ్యను గదా?’ అని వేరే వేరే మాటల్లో అడుగుతున్నారని అప్పుడు ఆమెకు అర్థమైంది. ఇకపై ఆ ప్రశ్నకు ‘నాకు తెల్వది, పప్పుల ఉప్పు సరిపోయిందా చెప్పు’ అనాలని ఒప్పందం. ఆమె దీన్ని నాకన్నా బాగా చేసింది.

హనుమకొండ చౌరస్తాలో ఒక స్టీలు సామాన్ల షాపులో మామూలు కూరగాయల చాకు కొనుక్కొచ్చాను. ముందు టేబుల్ మీద పెట్టి మాట్లాడుకున్నాం. తర్వాత ఆయన చేతిలో పెట్టి ఎదురుగా కూర్చున్నాను. భయం వందకు ఎనభై ఐదు అన్నారు. మరోరోజు చాకు ఆయన చేతిలో ఉండగానే అటు తిరిగి బీరువాలో ఫైలు వెతుక్కున్నాను. అది ధైర్యం చూపించడానికి కాదు. ‘మేడం నన్ను కనిపెట్టి చూస్తోంది కాబట్టే ఏమీ జరగలేదు’ అనే సాకు మిగలకూడదు.

ఇక్కడే ఈ కేసులో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది జరిగింది. భయం బాగా తగ్గిందని, కత్తి ఇప్పుడు ఈజీ అని వచ్చి చెప్పారు. ఎలా పట్టుకుంటున్నారో చూపించమన్నాను. చాకును కుడిచేత్తో తీసుకునే ముందు ఎడమ అరచేతిని టేబుల్ మీద పెట్టారు. మనసులో మూడు లెక్కపెట్టారు. మొనను గోడవైపు తిప్పారు. ‘సేఫ్’ అని పెదవులు కదిపారు. అప్పుడు తీసుకున్నారు. కింద పెట్టేటప్పుడు అదే వరుస, తలకిందులుగా.

కత్తికి లేని లాకును ఆయనే తయారుచేసుకున్నారన్నమాట. చూడటానికి ముచ్చటగా ఉంది. క్రమశిక్షణ, తన సొంత ఆలోచన, పాత శిక్షణను వాడుకున్న తెలివి అన్నీ ఉన్నాయి. తెలియనివాళ్లు మెచ్చుకునేవాళ్లు కూడా. కానీ అది కొత్త కంపల్షన్, అంటే భయం తగ్గడానికి తప్పక చేసి తీరాలనిపించే పని. ఆ డ్రిల్ ఉన్నంతకాలం ‘డ్రిల్ చేశాను కాబట్టే మనవరాలు బతికింది’ అని మనసు లెక్క రాసుకుంటుంది. ఒకరోజు లెక్క తప్పితే మళ్లీ మొదటికొస్తుంది.

అది మానమంటే ఒప్పుకోలేదు. అంతవరకు నేను చెప్పినదంతా చేసిన మనిషి ఇక్కడ అడ్డం తిరిగారు. “డ్రిల్ లేకుంట హథియార్ ముట్టద్దని నేర్పిండ్రు మేడం” అన్నారు. రెండు మూడు వారాలు దీని దగ్గరే ఆగాం. వాదించి లాభం లేదనిపించి, ప్రయోగం పెట్టుకుందామన్నాను. ఒకరోజు డ్రిల్‌తో కోయాలి, ఒకరోజు డ్రిల్ లేకుండా. ఏ రోజు ఏం జరుగుతుందని అనుకున్నారో ముందు రాయాలి, ఏం జరిగిందో తర్వాత రాయాలి. రిపోర్టు రాయడం ఆయనకు ఇష్టమైన పని. నోటుబుక్కు గీతలు కొట్టి తెచ్చారు. డ్రిల్ లేని రోజుల గడిలో ‘ఏమైతదో తెల్వది’ అని రాసి, ఎదురుగా ‘బెండకాయ కూర అయింది’ అని రాశారు. అలా పేజీ నిండింది. మాట ఒకటే, ఆలోచన రావచ్చు, దానికి కాపలా పెట్టొద్దు.

తర్వాత మెట్లు వేగంగా సాగాయి. కత్తులు పక్కింటి నుంచి తిరిగొచ్చాయి. కత్తిపీట ముందు కూర్చున్నారు. భార్య పక్కన నిద్రపోతుంటే చాకు మంచం పక్కనున్న స్టూలు మీద ఉంచుకుని పడుకున్నారు. వంటింటి గడియ ఊడదీయించారు. ‘నేను పొడవచ్చు, పొడవకపోవచ్చు, రాసి ఇచ్చేవాళ్లెవరూ లేరు’ అని ఫోన్‌లో తన గొంతుతోనే రికార్డు చేసుకుని విసుగు పుట్టేదాకా విన్నారు. ఇది చాలా క్రూరంగా అనిపిస్తుందని తెలుసు. నమ్మకంగా తేల్చి చెప్పే మాట దొరికితేనే బతుకుతాననే పట్టు సడలాలంటే ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు. చిన్నపిల్లల దగ్గర మామూలుగా తీసుకునే జాగ్రత్త వేరే సంగతి. బిడ్డ పాకడం మొదలుపెట్టాక తలాపున చాకు పెట్టడం మానేయమని ఆ ఇంట్లో ఆడవాళ్లకు నేనే చెప్పాను.

ఎండాకాలం వచ్చింది, తొక్కు పెట్టే రోజులు. కూతురు బిడ్డతో వచ్చింది. వాకిట్లో చాప పరిచి, ఇంటినిండా మనుషులుండగా ఆయన మామిడికాయలు కొట్టారు. మనవరాలు నాలుగడుగుల దూరంలో అమ్మమ్మ ఒళ్లో ఉంది. ఆలోచన రాలేదా అని అడిగితే “అచ్చింది. టెంక గట్టిగున్నది, దాన్తోనే సరిపాయె” అన్నారు.

ఇప్పుడు

వానాకాలం మొదట్లో కొలిస్తే వై-బాక్స్ 10. తేలికపాటి స్థాయి. మందు ఏడాదైనా కొనసాగించి, తర్వాత మెల్లగా తగ్గిద్దామని సైకియాట్రిస్టు చెప్పారు. బీపీ మాత్ర వేరు, దాన్ని ఓసీడీ ఖాతాలో వేయకూడదు. యాట సంగతి నేను అడగలేదు. అది చికిత్స లక్ష్యం కాదు, ఆయన ఇష్టం.

కత్తులు దాచే మనిషి ఇంట్లో ఉంటే, ‘దేనికి భయం’ అని ఊరుకోకుండా ‘ఎవరి చేతిలో ఉంటే భయం’ అని ఒంటరిగా ఉన్నప్పుడు అడగమని ఫిజీషియన్లకు చెబుతుంటాను. బాలింతలను కూడా అడగాలి. వాళ్లలో ఇలాంటి ఆలోచనలు తక్కువేం కాదు, చెప్పుకోలేక నలిగిపోతారు. అయితే బాలింతకు మాటల్లో పొంతన లేకపోయినా, నిద్రే లేకపోయినా, బిడ్డ గురించి వింత నమ్మకాలు మొదలైనా అది ఓసీడీ కాదు, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దగ్గర్లో ఎవరూ లేకపోతే టెలి మానస్ నంబరు 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ మధ్య ఆయన వేరే సంగతి చెప్పారు. బండి మీద కాజీపేట బ్రిడ్జి దాటుతుంటే, వెనక కూర్చున్న భార్యతో సహా బండిని పక్కకు తిప్పేస్తే ఎలా ఉంటుందని అనిపించిందట. ఓసీడీ ఇలా వేషం మార్చుకుని రావడం మామూలే. బండి ఆపలేదు, హ్యాండిల్ గట్టిగా బిగించి పట్టుకోలేదు, ఆమెను ఏమీ అడగలేదు. నోటుబుక్కులో కొత్త పేజీ తీసి, పైన ‘బండి’ అని రాసి పెట్టుకున్నారు.